కేన్సర్ ట్రీట్‌మెంట్ నడుస్తుండగా ఎక్సర్‌సైజులకి ఫోన్ ఎలా వాడుకోవాలి: రాయగడ, గుణుపురం వైపు మనవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎవరికైనా కేన్సర్ అని తేలితే ఎక్కువమంది విశాఖే వెళ్తారు, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆస్పత్రికో ఇంకో చోటికో, కొందరు బరంపురం, కటక్ వెళ్తారు. ఆపరేషనో కీమోనో అక్కడ అయిపోతుంది, కానీ ఒక కీమో విడతకీ (సైకిల్ అంటారు) ఇంకో విడతకీ మధ్య రెండు మూడు వారాలు మనిషి ఇంట్లోనే ఉండాలి కదా, చెయ్యి పైకి లేవదు, నోరు తెరుచుకోదు, పెరట్లోకి వెళ్ళొస్తే ఆయాసం, పక్కన నర్సు ఉండదు ఫిజియో ఉండడు. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, ఆ మధ్య రోజుల గురించి, ఆ రోజుల్లో ఫోన్ ఎంతవరకు పనికొస్తుందన్న దాని గురించి నన్ను అడిగేవన్నీ ఇక్కడ రాస్తున్నా. మీ డాక్టర్ చెప్పినదానికీ ఇక్కడున్నదానికీ తేడా కనిపిస్తే డాక్టర్ మాటే వినండి.

కీమో అంటే రెస్ట్ తీసుకోవాలి కదండీ, మళ్ళీ ఎక్సర్‌సైజులు ఏటి?

అందరి ఇళ్ళల్లో ముందు వచ్చే మాట ఇదే, "పాపం పడుకోనివ్వండి" అని. ప్రేమతోనే అంటారు, కానీ కేన్సర్ నీరసం మామూలు అలసటలాంటిది కాదు, ఎంత పడుకున్నా తీరదు, పైగా పడుకున్నకొద్దీ కండ కరిగిపోయి రేపు లేవడం ఇంకా కష్టమవుతుంది. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ళు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ చూసి చెప్పింది ఏంటంటే, వారానికి మూడుసార్లు అరగంట చొప్పున ఓ మాదిరి స్పీడులో నడక, దానికి తోడు వారానికి రెండుసార్లు కండరాలకి బలమిచ్చే ఎక్సర్‌సైజులు చేస్తే నీరసం, దిగులు, ఆందోళన తగ్గుతాయి, ఒంటి పనులు తనే చేసుకునే శక్తి పెరుగుతుంది అని.

అరగంట అనగానే భయపడొద్దు. మొదటి రోజు ఐదు నిమిషాలు సావిట్లోనే అటూ ఇటూ నడిచినా చాలు, పొద్దున ఐదు సాయంత్రం ఐదు చేసినా లెక్కలోకే వస్తుంది. కీమో ఎక్కించిన మొదటి మూడు నాలుగు రోజులు చాలామందికి ఏమీ చేతకాదు, అప్పుడు మంచం మీదే పాదాలు పైకి కిందకి ఆడించడం, కూర్చుని మోకాలు చాపడం, గట్టిగా ఊపిరి తీసి వదలడం, అంతే. ఓపిక వచ్చాక పెంచుకోవచ్చు.

సరే, ఇందులో ఫోన్ చేసేది ఏముంది?

ఇది మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి. న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ అని పెద్ద కేన్సర్ ఆస్పత్రి ఉంది, అక్కడ ముదిరిన కేన్సర్‌తో కీమో తీసుకుంటున్న 766 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు వైద్యమే. రెండో గుంపు వాళ్ళు దాంతోపాటు వాంతులు, నొప్పి, ఆయాసం, నీరసం ఎంతెంత ఉన్నాయో కంప్యూటర్‌లో తామే నింపేవాళ్ళు, ఏదైనా బాగా పెరిగితే నర్సుకి వెంటనే మెసేజ్ వెళ్ళేది, నర్సు ఫోన్ చేసి ఏం చెయ్యాలో చెప్పేది. 2017లో ఫలితాలు బయటికొచ్చాయి, మామూలు వైద్యం గుంపులో సగంమంది బతికిన కాలం 26 నెలలైతే, చెప్పుకున్న గుంపులో 31.2 నెలలు. మందులేం వేరు కాదు. బాధని ముదరకముందే ఒకళ్ళు చెప్పారు, ఇంకొకళ్ళు విన్నారు.

మన దగ్గర జరిగేది దీనికి రివర్స్. మూడు వారాల తర్వాత విశాఖ వెళ్తే డాక్టర్ గారు "ఎలా ఉందమ్మా" అంటారు, మనవాళ్ళు "బాగానే ఉంది సార్" అంటారు. ఆరో రోజున అన్నం మింగలేకపోయిందీ, పదో రోజున కాళ్ళు తూలిందీ ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు సంగతి ఆ రోజే పట్టుకుని అవతలున్న మనిషికి చేరవెయ్యడం, అదీ ఫోన్ పని. చూసే మనిషి లేకుండా యాప్‌లో ఎంత నింపినా ఉపయోగం లేదు. అందుకే ఏ యాప్ అని అడిగేకన్నా ముందు "మా మెసేజ్ ఎవరు చూస్తారు, ఏ టైమ్‌లో చూస్తారు, రాత్రి అయితే ఏ నంబర్‌కి చెయ్యాలి" అని ఆస్పత్రిలో డిశ్చార్జ్ రోజే అడిగి, ఆ నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేసుకోండి.

అయినా ఏదో ఒక యాప్ పేరు చెప్పొచ్చు కదా?

చెప్పను, ఎందుకంటే మీ ఆస్పత్రి వాళ్ళు తమదంటూ ఏదైనా వాడమంటే అదే వాడాలి, దాని వెనకాల చూసే మనుషులు ఉంటారు కాబట్టి. వాళ్ళ దగ్గర ఏదీ లేకపోతే ఫోన్‌లో ఇప్పటికే ఉన్నవి సరిపోతాయి: అలారం, కెమెరా, వాయిస్ రికార్డర్, వాట్సాప్, అడుగుల లెక్క. కొత్త యాప్ వేసుకునే ముందు నాలుగు సంగతులు చూడండి, ఎవరు తయారుచేశారు, నెట్ లేనప్పుడు పనిచేస్తుందా, మీకొచ్చిన భాషలో ఉందా, డబ్బులు అడుగుతోందా. "కేన్సర్ తగ్గిస్తాం" అని రాసిన యాప్ అయితే ఆ క్షణమే తీసెయ్యండి.

మా అమ్మకి చదువు రాదు, మాకేమో ఒడియా వచ్చు కానీ తెలుగు చదవడం రాదు. ఎలాగ మరి?

మన వైపు ఇది ఇంటింటి సంగతి, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, పిల్లలు ఒడియా మీడియంలో చదువుతారు, ఆస్పత్రి ఇచ్చిన ఎక్సర్‌సైజుల కాగితం తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, దాంతో అది బీరువాలోకి పోతుంది. అందుకని కాగితంతో ఊరుకోకండి. ఫిజియో చూపిస్తున్నప్పుడు "సార్, వీడియో తీసుకోవచ్చా" అని అడిగి పేషెంటే చేస్తుండగా తియ్యండి, ఫిజియో గొంతు అందులో పడాలి, "ఇక్కడిదాకా చాలు, ఇంతకంటే లాగొద్దు" అనే మాట వినపడాలి. ఇంటికొచ్చాక అమ్మకి తన వీడియోనే పెట్టి చూపిస్తే యూట్యూబ్‌లో ఎవరో అమ్మాయి చేసేదానికంటే వందరెట్లు తొందరగా అర్థమవుతుంది.

రిపోర్ట్ చెయ్యడం కూడా వాయిస్ మెసేజ్‌తోనే చెయ్యొచ్చు. రోజూ ఒకే టైమ్‌కి, అర నిమిషం, పేషెంట్ గొంతుతోనే. గొంతు వింటే నాకు చాలా తెలుస్తుంది, మాట మధ్యలో ఊపిరి అందట్లేదా, నోరు పూసి మాట ముద్దగా వస్తోందా అని.

రోజూ ఏం చెప్పాలి? అన్నీ చెప్పాలంటే విసుగు కదా?

అన్నీ వద్దు. ఈ రోజు నీరసం పదికి ఎంత, నొప్పి పదికి ఎంత, ఎంత తిన్నారు (చోడి అంబలి రెండు గ్లాసులు, అన్నం నాలుగు ముద్దలు, ఇలాగ), విరేచనం అయిందా, ఎంతసేపు నడిచారు. జ్వరం అనిపిస్తే థర్మామీటర్‌లో ఎంత. అంతే. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనంత. నిన్న మూడు, ఇవాళ ఏడు అంటే అదే మాకు కావలసింది, ఆ ఏడు కరెక్టా ఆరా అన్నది ముఖ్యం కాదు. బాగున్న రోజు కూడా చెప్పండి, బాగున్న రోజు ఎలా ఉంటుందో తెలిస్తేనే బాగోలేని రోజు ఎంత బాగోలేదో తెలుస్తుంది.

రోజుకి పదివేల అడుగులు వెయ్యాలా?

వద్దు! ఆ పదివేల లెక్క 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషన్ అమ్మకాల ప్రచారంలోంచి వచ్చింది, కేన్సర్ పేషెంట్ల కోసం ఎవరూ పెట్టింది కాదు. మీరు చెయ్యాల్సింది ఏంటంటే ఓ వారం ఏమీ మార్చకుండా మామూలుగా తిరిగి, రోజుకి సగటున ఎన్ని అడుగులు పడుతున్నాయో చూడండి. 800 అయితే 800. వచ్చే వారం దానికి ఓ వంద కలపండి. కీమో వారంలో తగ్గుతుంది, తగ్గనివ్వండి, తర్వాత మళ్ళీ అక్కడినుంచి ఎక్కండి. యాప్ "టార్గెట్ చేరలేదు" అని చూపిస్తే కొందరు నిజంగా బాధపడతారు, ఆ నోటిఫికేషన్ ఆపెయ్యండి, అది మీ రక్తం రిపోర్ట్ చూసి చెప్పట్లేదు.

స్పీడ్ ఎంతుండాలన్నదానికి మిషన్ అక్కర్లేదు, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం రావచ్చు కానీ మాట తెగకూడదు. ఎండాకాలం అయితే తెల్లారకముందే నడవండి, మిట్టమధ్యాహ్నం మజ్జిగౌరమ్మ గుడి దాకా నడిచొచ్చామని గొప్పగా చెప్తారు కొందరు, దండం పెట్టుకోడానికి ఆటోలో వెళ్ళినా అమ్మవారేం అనుకోదు.

ఇంకోటి, కర్ర పట్టుకుని పాదాలు ఈడుస్తూ నిదానంగా నడిచేవాళ్ళ అడుగులు ఫోన్ సరిగ్గా లెక్కపెట్టదు. అలాంటివాళ్ళకి నిమిషాల్లో చూసుకోవడమే మేలు. ఫోన్ మనవడి చేతిలో ఉన్న రోజు ఆ లెక్క వదిలెయ్యండి.

చేతికి బ్యాండ్, వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ కొనాలా?

బ్యాండ్ తప్పనిసరి కాదు. డిజిటల్ థర్మామీటర్ మాత్రం తప్పనిసరి, ముందు అది కొనండి. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ ఊపిరితిత్తుల కేన్సర్ వాళ్ళకీ ఆయాసం ఉన్నవాళ్ళకీ డాక్టర్ చెప్తే తీసుకోండి, చేతులు చల్లగా ఉన్నా, గోళ్ళకి రంగో గోరింటాకో ఉన్నా తప్పు చూపించొచ్చు, చర్మం నల్లగా ఉన్నవాళ్ళకి ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది. మిషన్ 97 అంటోంది కానీ మనిషి ఎగరొప్పుతున్నాడంటే మనిషినే నమ్మండి.

రొమ్ము ఆపరేషన్ అయింది, చెయ్యి లేవట్లేదు. ఫోన్ ఎలా సాయపడుతుంది?

డ్రెయిన్ పైపు (గాయంలో ఊరే నీరు బయటికి పోడానికి పెట్టేది) ఉన్నన్నాళ్ళు చెయ్యి భుజం ఎత్తు దాటి లేపొద్దని చాలా చోట్ల చెప్తారు, అప్పుడు కూడా గుప్పిట మూసి తెరవడం, మోచెయ్యి వంచి చాపడం మానకూడదు. పైపు తీసేసి సర్జన్ సరే అన్నాక గోడ ఎక్కించే ఎక్సర్‌సైజు మొదలవుతుంది, గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని మెల్లగా పైకి నడిపించడం. గుణుపురం వైపు ఒక ఆవిడ వంటింటి గుమ్మం పక్కన గోడ మీద బొగ్గుతో గీత పెట్టేది, ఆ రోజు వేలు ఎక్కడిదాకా వెళ్తే అక్కడ, పక్కన తారీఖు. ఆదివారం ఆదివారం కూతురు ఆ గోడకి ఫోటో తీసి నాకు పంపేది. ఒకసారి గీతలన్నీ ఒకే చోట గుంపుగా పడ్డాయి, పైకి వెళ్ళట్లేదు. వీడియో కాల్ చేయించి చెయ్యి పక్కకి చాపమంటే చంకలోంచి మోచెయ్యి దాకా తాడులాగ బిగుసుకున్నది కనపడింది. ఆపరేషన్ తర్వాత కొందరికి ఇలా తాళ్ళు కడతాయి, సాగదీసే ఎక్సర్‌సైజులతో తగ్గుతుంది, కానీ ఆవిడ ఏదో నరం తెగిపోతోందనుకుని భయంతో చెయ్యి కదపడం తగ్గించేసింది. ఆ ఫోటో లేకపోతే తర్వాతి కీమో దాకా ఎవరికీ తెలిసేది కాదు.

తొందర ఎందుకంటే రేడియేషన్ పెట్టేటప్పుడు చెయ్యి తల పైకి పెట్టి కదలకుండా పడుకోవాలి, చెయ్యి లేవకపోతే రేడియేషనే వెనక్కి పోవచ్చు.

చెయ్యి వాపు సంగతి కూడా. చంకలో గ్రంథులు తీసేసినవాళ్ళకి నెలల తర్వాతో ఏళ్ళ తర్వాతో చెయ్యి వాయొచ్చు. దర్జీ టేపుతో మణికట్టు దగ్గరా, మోచేతికి పది సెంటీమీటర్లు కిందా, పది సెంటీమీటర్లు పైనా, రెండు చేతులూ కొలిచి నెలకోసారి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. రెండు చేతులకీ తేడా రెండు సెంటీమీటర్లు దాటినా, ఆ చేతి గాజులు బిగుసుకున్నా, బరువుగా ఉన్నా చూపించుకోండి, ఎర్రగా వేడిగా ఉండి జ్వరం వస్తే అదే రోజు వెళ్ళాలి. పని చేస్తే వాపు వస్తుందని ఆ చేతిని పూర్తిగా కట్టేసినట్టు ఉంచనక్కర్లేదు, మెల్లగా బరువులు పెంచుకుంటూ చేసే ఎక్సర్‌సైజు వాపుని పెంచదని పరిశోధనల్లోనూ తేలింది.

నోటి కేన్సర్, రేడియేషన్ అవుతోంది, నోరు తెరుచుకోవట్లేదు?

గుట్కా, ఖైనీ, దానికి తోడు మన వైపు, శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిట్లో వచ్చే కేన్సర్లు, ఇవి ఇక్కడ బాగా చూస్తాం. రేడియేషన్‌కి దవడ కండరాలు బిగుసుకుపోతాయి, అయిపోయిన తర్వాత కూడా నెలల తరబడి బిగుస్తూనే ఉంటాయి, అందుకే రేడియేషన్ అయిపోయింది కదా అని ఎక్సర్‌సైజు మానేస్తే నోరు మూతపడుతుంది. పేషెంట్ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడితే ఫర్వాలేదు, 35 మిల్లీమీటర్లకి తగ్గితే బిగుసుకున్నట్టే లెక్క.

ఇంట్లో కొలవడానికి ఐస్‌క్రీమ్ పుల్లలు వాడిస్తాను. శుభ్రమైన పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య ఎన్ని పడతాయో చూడటం, సోమవారం సోమవారం ఆ పుల్లల కట్టని స్కేలు పక్కన పెట్టి ఫోటో. ఒక పెద్దాయన అన్ని ఫోటోల్లోనూ అదే స్టీలు పళ్ళెం మీద పుల్లలు పేర్చేవారు, ఓ వారం రెండు పుల్లలు తగ్గాయి. అడిగితే నోటిపూత వల్ల మంటగా ఉందని నాలుగు రోజులు మానేశారట. నొప్పి మందు, పుక్కిలించే మందు వాళ్ళ డాక్టర్ చేత మార్పించి, మందు వేసుకున్న అరగంటకి ఎక్సర్‌సైజు చెయ్యమన్నాం, మళ్ళీ మొదలుపెట్టారు. రోజుకి చాలాసార్లు, కొంచెం కొంచెంగా చెయ్యాలి, ఫోన్ అలారం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మింగడం కూడా అంతే, ముక్కులోంచి ట్యూబ్ వేసినా డాక్టర్ సరే అంటే రోజూ కాసిన్ని నీళ్ళైనా మింగుతూ ఉండాలి, మింగడం మానేస్తే ఆ కండరాలు పని మర్చిపోతాయి. నీళ్ళు తాగితే దగ్గొస్తోందంటే మాత్రం ఆపి ముందు కాల్ చెయ్యండి.

ఎప్పుడు ఎక్సర్‌సైజు ఆపేసి ఫోన్ చెయ్యాలి?

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, పగలైనా అర్ధరాత్రైనా, వెంటనే. కీమో తర్వాత ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడొచ్చే జ్వరం గంటల్లో ప్రాణం మీదకి తేగలదు. పారాసిటమాల్ వేసేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, బిళ్ళ జ్వరాన్ని దాచేస్తుంది, ఇన్ఫెక్షన్‌ని ఆపదు. దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉంటే అక్కడికి వెళ్ళి "కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది" అని మొదటి మాటగా చెప్పండి, 108కి చేసినా అదే చెప్పండి.

ఛాతీ నొప్పి, కూర్చున్నా ఆయాసం, ఒక కాలే వాచి పిక్క నొప్పి పెట్టడం (రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు), ఆగని రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటికి కూడా ఆగొద్దు. వెన్నులో కొత్తగా నొప్పి మొదలై కాళ్ళల్లో బలం తగ్గినా, ఒంటేలు దగ్గర తేడా వచ్చినా వెన్నుపాము నలుగుతోందేమో అని అనుమానించాలి, ఆ రోజే వెళ్ళాలి. ఎముకలకి పాకిన కేన్సర్ ఉన్నవాళ్ళు వంగడం, మెలితిప్పడం, బరువులు ఎత్తడం సొంతంగా మొదలుపెట్టొద్దు. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ బాగా తక్కువున్న వారంలో ఎంత చెయ్యొచ్చో అడిగే చెయ్యండి, రిపోర్ట్ ఫోటో పంపితే చాలు.

పాదాలు మొద్దుబారాయి, నడిస్తే దూది మీద నడిచినట్టుంది?

పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ లాంటి మందులకి నరాలు దెబ్బతిని ఇలా అవుతుంది. తప్పకుండా డాక్టర్‌కి చెప్పాలి, డోసు మార్చాల్సి రావచ్చు. చీకట్లో నడవొద్దు, రాత్రి లేచేటప్పుడు ఫోన్ టార్చ్ వేసుకోండి, చెప్పులు వెనక పట్టీ ఉన్నవి. రోజూ అరికాళ్ళు ఫోటో తీసి చూసుకోండి, గుచ్చుకున్నా తెలియదు.

విశాఖ డాక్టర్ ఒడిశాలో ఉన్నవాళ్ళని వీడియోలో చూడొచ్చా?

చూడొచ్చు. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ గైడ్‌లైన్స్ ప్రకారం రిజిస్టర్ అయిన డాక్టర్ దేశంలో ఎక్కడున్న పేషెంట్‌ని అయినా చూడొచ్చు. కానీ మార్ఫిన్ లాంటి మత్తు మందులు ఫోన్ మీద రాయకూడదు, వాటికి మనిషి వెళ్ళాల్సిందే. ప్రభుత్వ ఈ-సంజీవనిలో మామూలు డాక్టర్‌తో ఉచితంగా మాట్లాడొచ్చు, మలబద్ధకం, నిద్రపట్టకపోవడం లాంటివాటికి పనికొస్తుంది, కీమో సంగతి మాత్రం మీ కేన్సర్ డాక్టరే చూడాలి.

వీడియో కాల్‌లో ఫిజియో చేసేటప్పుడు ఫోన్ బిందె మీదో పుస్తకాల మీదో ఆనించి, తల నుంచి పాదాల దాకా కనపడేంత దూరం పెట్టండి, వెలుతురు ఎదురుగా ఉండాలి, గోడకి ఆనిన కుర్చీ పక్కన ఉండాలి, ఇంకో మనిషి దగ్గర్లో నిలబడాలి. మొదటిసారి మాత్రం ఎదురుగా చూపించుకోవడమే మంచిది, కీలు ఎంత బిగిసిందో చేత్తో పట్టి చూస్తేనే తెలుస్తుంది.

మా ఊళ్ళో సిగ్నలే ఉండదు, మరి?

మునిగుడ, కాశీపురం కొండల వైపు వాళ్ళు ఇదే అడుగుతారు. వీడియోలన్నీ సిగ్నల్ ఉన్నచోటే ఫోన్‌లోకి దించుకోండి. వాయిస్ మెసేజ్ రికార్డ్ చేసేస్తే సిగ్నల్ తగిలినప్పుడు అదే వెళ్తుంది. కీప్యాడ్ ఫోన్ అయినా ఫర్వాలేదు, నోట్‌బుక్‌లో రాసి వారానికి రెండుసార్లు ఫోన్ చేసి చదివి వినిపించండి. జ్వరమొస్తే ఏ బండి, ఎవరు తీసుకెళ్తారు అన్నది కీమో మొదలయ్యేముందే మాట్లాడి పెట్టుకోండి, సిగ్నల్ లేని ఊరికి అది యాప్ కంటే ముఖ్యం.

ఎక్సర్‌సైజు చెయ్యమంటే "ఎందుకులే" అంటున్నారు, ఎవరితోనూ మాట్లాడట్లేదు.

దాన్ని బద్ధకం అనుకోవద్దు, తిట్టొద్దు. టెలి-మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, రోజంతా పనిచేస్తుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. చూసుకునేవాళ్ళు కూడా చెయ్యొచ్చు, చెయ్యండి, మీరూ అలిసిపోతారు.

గాయం ఫోటోలు, రిపోర్టులు పంపితే భద్రమేనా?

చూసే ఒక్క మనిషికే పంపండి, బంధువుల గ్రూపులో వద్దు. ఛాతీ ఫోటో తియ్యాల్సొస్తే ముందు ఆవిడని అడగండి, మొహం రాకుండా తియ్యండి, పంపాక గ్యాలరీలోంచి తీసెయ్యండి. ఆస్పత్రి పేరు చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు. మందుల చీటీలు, బయాప్సీ రిపోర్ట్, కీమో షీట్ ఒక్కో ఫోటో తీసి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుంటే అర్ధరాత్రి వేరే ఆస్పత్రికి వెళ్ళినా చూపించొచ్చు.

నాన్న ఫోన్ ముట్టుకోరు, మేమే నింపేస్తే చాలదా?

నింపండి, కానీ అడిగి నింపండి. మన కళ్ళకి నొప్పి మూడులాగ కనపడుతుంది, ఆయనకది ఏడు ఉండొచ్చు, మగవాళ్ళు మరీ ముఖ్యంగా ఇంట్లో కంగారుపడతారని చెప్పరు. "నాన్నా, ఇవాళ పదికి ఎంత" అని రోజూ ఒకే టైమ్‌లో, భోజనం అయ్యాకో టీ తాగేటప్పుడో అడగండి, ఆయన చెప్పిన అంకె మీకు నచ్చకపోయినా అదే వెయ్యండి. ఆ అంకె వరసగా రెండు రోజులు పెరిగితే మూడో రోజు కోసం చూడకుండా ఆస్పత్రి నంబర్‌కి ఫోన్ చెయ్యండి.